కోళ్లకు పెట్టిన బలపం

కరుణమ్మతో మాట కలిపితే ఆ పూటకు పని సాగదని మా వీధిలో అందరికీ తెలుసు. నాకు మాత్రం తప్పదు. మా రెండిళ్లకూ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. గోడకు ఇటువైపు నా కుట్టుమిషను, అటువైపు ఆమె కోళ్లు. నేను సరిగ్గా జాకెట్టుకు చెయ్యి అతికించే సమయానికే ఆమెకు ఏ కోడి సంగతో గుర్తొస్తుంది. "లక్ష్మీ, ఒకసారి ఇటు చూడే" అంటుంది. చూసేదాకా ఊరుకోదు. చూస్తే నల్లపెట్ట కుడికాలు ఎత్తి పెట్టిందనో, బూడిదరంగుది నిన్నటికంటే గట్టిగా అరిచిందనో చెబుతుంది. నా కస్టమర్లు బయట నిలబడి గొణుక్కుంటూ ఉంటారు.

మార్కాపురం అంటే పలకలు అంటారు గానీ, కరుణమ్మ పని చేసేది బలపాల షెడ్డులో. పెళ్లయి వచ్చిన కొత్తల్లో చేరింది, ఇప్పటికీ అక్కడే. మిషను కోసి పడేసిన తెల్ల బలపాల్లో వంకరవి, విరిగినవి పక్కకు తీసేసి మంచివి డబ్బాల్లో సర్దాలి. విరిగిన ముక్కలు ఎవరికీ అక్కర్లేదు, కావాలంటే ఇంటికి తెచ్చుకోవచ్చు. ఆమె వాటిని ఒక పాత డాల్డా డబ్బాలో తెస్తుంది. ఆదివారం చర్చి నుంచి రాగానే చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, రోట్లో వేసి బరకగా దంచుతుంది. వారమంతా ఆ పలుకులే నూకల్లో కలిపి కోళ్లకు పెడుతుంది. మెత్తటి సుద్దరాయి బలపాలవి. గుడ్డు పెంకు గట్టిపడాలంటే సున్నం కావాలని, అది ఇందులో ఉందని ఆమెకు ఎవరో చెప్పారట.

నిజం చెప్పాలంటే ఆమె కోడి గుడ్డు రాయిలాగే ఉండేది. గిన్నె అంచుకు కొడితే ఒక్క దెబ్బకు పగిలేది కాదు. "నా గుడ్డుకు గిన్నె సొట్టపోవాల" అని మురిసిపోయేది. మా వీధిలో ఎవరి కోడికి ఏమొచ్చినా గంపలో పెట్టుకుని ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. కోడి మెడ కింద మేతసంచి గట్టిపడి మేత దిగకపోతే, నూనె పోసి పిసికేది. అప్పటికీ దిగకపోతే బ్లేడుతో కోసి, లోపలున్నది తీసేసి దారంతో కుట్టేది. కొన్ని బతికేవి. బతకనివి ఆ సాయంత్రమే కూరయ్యేవి, ఆ కూరలో ఒక గిన్నె ఆమెకూ వచ్చేది. ఎటైనా ఆమెకు నష్టం లేదని నేను ఎగతాళి చేసేదాన్ని.

ఆమెకు ఒక్కడే కొడుకు, తిమోతి. పలకల లోడు లారీ తోలుకుంటూ నెలలో సగం రోజులు రోడ్ల మీదే ఉంటాడు. కోడలు రూబీ గిద్దలూరు పిల్ల. గలగలా మాట్లాడేది, ఇంట్లో పాటలు పాడుకునేది. నిరుడు ఐదో నెలలో కడుపు పోయింది. అప్పటినుంచి పాట లేదు. ఆ రోజు కరుణమ్మ ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు కూడా. కోళ్ల గంప ముందు కూర్చుని చాలాసేపు లేవలేదు. ఆమె నోరు మూతపడగా నేను చూసింది ఆ ఒక్కసారే, నాకు భయమేసింది.

ఈ ఏడు రూబీ మళ్లీ నెల తప్పింది. కరుణమ్మ ఇంట్లో చట్టం మారిపోయింది. బిడ్డ పుట్టేదాకా ఒక్క గుడ్డు కూడా బయటికి అమ్మేది లేదంది. నాకు కూడా ఇవ్వలేదు, అడిగితే గుడ్లురిమింది. రోజూ పొద్దున ఉడికించిన గుడ్డు, రాత్రికి ఆశా కార్యకర్త ఇచ్చిన ఎర్ర మాత్ర. రెండూ రూబీ మింగేదాకా ఎదురుగా నిలబడేది. నీళ్ల బిందె ఎత్తనిచ్చేది కాదు. కడుపుతో ఉన్న పిల్ల ఊరికే కూర్చుంటే మంచిది కాదని, తను షెడ్డుకు పోయాక కోళ్లకు మేత వేసే పని మాత్రం అప్పజెప్పింది. నూకలు ఒక దోసెడు, బలపం పలుకులు ఒక గుప్పెడు. అంతకన్నా తేలిక పని ఆ ఇంట్లో లేదు.

"ఈ బిడ్డను నేను ఎత్తుకోవాల లక్ష్మీ. ఎత్తుకోకపోతే నేను ఆ షెడ్డుకూ పోను, చర్చికీ పోను" అంది ఒకరోజు గోడ మీద మోచేతులు ఆనించి. ఊరికే అనే మనిషి కాదు. నేను కత్తెర పక్కన పెట్టి, "ఎత్తుకుంటావులే అక్కా" అన్నాను.

ఐదో నెల గడిచిందని ఆమె కేకు తెచ్చి పంచింది. ఆరు కూడా గడిచింది. రూబీ రంగు తేలింది. చామనచాయ పిల్ల కాస్తా తెల్లగా, నున్నగా కనిపించసాగింది. వీధిలో ఆడవాళ్లు ఆడపిల్లే పుడుతుందని ఒకరు, మగపిల్లాడని ఒకరు. "మా గుడ్ల బలం అది" అని కరుణమ్మ వాళ్లందరి ముందూ కోడలి గడ్డం పట్టుకుని చూపించేది. రూబీ తల తిప్పుకునేది. సిగ్గనుకున్నాం.

ఆ రోజుల్లోనే గుడ్లు చెడిపోవడం మొదలైంది. మొదట పెంకు పల్చనైంది. తర్వాత చేత్తో ఎత్తబోతే వేలు లోపలికి దిగిపోయింది. ఒక పొద్దున నల్లపెట్ట అసలు పెంకే లేని తోలుగుడ్డు పెట్టింది. కరుణమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది. ముఖంలో నెత్తురు లేదు.

"ఏందే ఇది? మార్కాపురంలో ఉండి తోలుగుడ్డు పెట్టేదేంది నా కోడి?"

"వయసైందేమో."

"దానికి వయసేంది? నీకైంది!"

అదీ వరస. మొదట దిష్టి అంది. తర్వాత నూకలమ్మే దుకాణంవాణ్ని అనుమానించింది. చర్చిలో ప్రార్థన చేయించిన నూనె తెచ్చి కోళ్ల నెత్తిన రాసింది. చివరికి సున్నం చాలలేదేమోనని బలపం రెట్టింపు చేసింది. డబ్బా నిండా తేవడం, అది రెండు మూడు రోజులకే ఖాళీ కావడం. మళ్లీ తేవడం. గుడ్లు మాత్రం ఇంకా పల్చనయ్యాయి. బూడిదరంగుది గుడ్డు పెట్టడమే మానేసింది.

నాకు ఇంకో తలనొప్పి తగులుకుంది. ఈ కోళ్లు గోడ దూకి వచ్చి, నేను పండక్కి మా ఇంటి గోడకు వేయించిన సున్నాన్ని ముక్కులతో పొడిచి పొడిచి తింటున్నాయి. మోకాలెత్తు వరకు గోడ గుంటలు గుంటలైంది. నేను చీపురు పుచ్చుకుని తరిమి, కరుణమ్మను పేరు పెట్టి కేకేశాను.

"ఇంత బలపం మేపి మళ్లీ నా గోడ మీద పడతాయేందక్కా నీ కోళ్లు? వాటి పొట్టలా, గోతాలా?"

"అంత తిన్నవి నీ గోడ ఎందుకు తింటాయే? రుచి చూసింటాయి" అని నన్నే కసిరింది. కోపంలో నేనూ ఆలోచించలేదు. ఆమె కోళ్లమీద ప్రేమతో ఆలోచించలేదు.

పశువుల ఆసుపత్రికి కూడా తీసుకుపోయింది. అక్కడ డాక్టరు కోడిని అటూ ఇటూ తిప్పి చూసి, సున్నం తక్కువైంది, గవ్వల పొడి పెట్టమన్నాడు. కరుణమ్మకు ఒళ్లు మండింది. దారి పొడవునా తిట్టుకుంటూ వచ్చింది. "డబ్బాలు డబ్బాలు బలపం పెడతావుంటే సున్నం తక్కువంటాడు! పుస్తకంలో ఉండేది చెప్పినాడు, నా కోడిని చూసి చెప్పలా" అంది. ఆయన కోడిని చూసే చెప్పాడని మాకు తర్వాత తెలిసింది.

అంతలో నల్లపెట్ట మేత ముట్టడం మానేసింది. మెడ కింద సంచి గట్టిగా, రాయిలా తగులుతోంది. పొద్దున లేచేసరికి ఖాళీ కావలసిన సంచి అట్లాగే ఉంది. నోరు తెరిస్తే పులిసిన వాసన. నూనె పోసి పిసికింది, తలకిందులుగా పట్టి ఊపింది, ఏమీ దిగలేదు.

"నేనే చంపుకున్నా దీన్ని. బలపం రెట్టింపు పెట్టించినా గదా, అది లోపల తడిసి గచ్చు మాదిరి అతుక్కుపోయింది. కొయ్యాల" అంది.

శనివారం మధ్యాహ్నం. షెడ్డుకు సెలవు పెట్టింది. వాళ్ల వసారాలో గోనెపట్ట పరిచి, కొత్త బ్లేడు, పసుపు, వేడినీళ్లు, నా దగ్గర తీసుకున్న తెల్లదారం సిద్ధం చేసింది. కోడిని పట్టుకోవడానికి నన్ను పిలిచింది. పట్టుకున్నాను, ముఖం పక్కకు తిప్పుకుని. 

రూబీ గడపలో నిలబడి ఉంది. తలుపు చెక్క పట్టుకుని, చాలాసేపటి నుంచి అక్కడే.

"వద్దత్తా. కొయ్యొద్దు" అంది.

"నువ్వు లోపలికి పో. కడుపుతో ఉన్నోళ్లు ఇది చూడగూడదు."

"కొయ్యొద్దత్తా, నీ కాళ్లు పట్టుకుంటా. డాక్టరు దగ్గరికే తీస్కపోదాం."

ఏడుస్తోంది. నాకు విసుగొచ్చింది. కోడి మీద ఇంత జాలేమిటి, మొన్న ఆదివారం పుంజు కూర వద్దనకుండా తిన్నది గదా అనుకున్నాను.

కరుణమ్మ ఈకలు పీకి, పసుపు అద్ది, చర్మం మీద చిన్న గీత గీసింది. దాని కింద సంచి మీద ఇంకో గీత. వేళ్లు పెట్టి లాగింది. ఎండిన గడ్డిపోచల ఉండ ఒకటి వచ్చింది. దాని వెనకాల బియ్యం సంచి నైలాను దారాలు, ఒకదానికొకటి పెనవేసుకుని, లాగుతుంటే వస్తూనే ఉన్నాయి. తర్వాత షాంపూ పొట్లం చింపిన మూల. ఎర్రమట్టి. నా గోడ సున్నం పెచ్చులు, నీలం కలిపిన రంగు కాబట్టి నేను గుర్తుపట్టాను.

అంతే. బలపం లేదు.

కరుణమ్మ గిన్నెలో నీళ్లు పోసి ఆ చెత్తనంతా కడిగింది. అడుగున వేళ్లతో వెతికింది. తెల్లటి పలుకు ఒక్కటీ లేదు. మళ్లీ సంచిలో వేలు పెట్టి తిప్పింది. నా చేతుల కింద కోడి గుండె దడదడ కొట్టుకుంటోంది.

"నిన్న రెండు గుప్పెళ్లు. మొన్న రెండు" అంది తనలో తను. "ఒక్క పలుకన్నా లేకుండా ఎట్ల పోతాది?"

ఆమె తల ఎత్తడం నేను చూశాను. గోనెపట్ట మీద నుంచి గడప వైపు. నేనూ అటే చూశాను.

"రూబీ. కోళ్లకు బలపం వేస్తాన్నావా, లేదా?"

రూబీ తలుపు చెక్క వదిలేసింది. చీర కొంగు చివర ముడి ఒకటి ఉంది. ఆ ముడిని గుప్పిట్లో బిగించి పట్టుకుంది. కరుణమ్మ నెత్తురు చేతులతోనే లేచి వెళ్లి ఆ గుప్పిట విప్పింది. ముడి ఊడి, తెల్లటి పలుకులు గచ్చు మీద రాలాయి. దంచిన బలపం.

"నేనే తింటాన్నా అత్తా."

నాకు సరిగ్గా వినిపించిందో లేదో అర్థం కాలేదు.  బలపం నోట్లో వేసుకోని ఆడపిల్ల మా ఊళ్లో ఎవరుంది? బడిలో నేనూ కొరికాను. షెడ్డులో డబ్బాలు సర్దే ఆడవాళ్లు ఒక్కొక్కరూ బుగ్గన ఒక ముక్క పెట్టుకునే పని చేస్తారు. కరుణమ్మ కూడా. దాన్నెవరూ తప్పనుకోరు, రోగమని అసలే అనుకోరు. కానీ డబ్బా? డబ్బా తర్వాత డబ్బా?

"అంతా నువ్వేనా?" కరుణమ్మ రాలిన పలుకులు చూస్తూ అడిగింది.

"వాటికి వేద్దామనే తీస్తా. వాన పడినప్పటి మట్టి వాసన వస్తది. చెయ్యి నోటికే పోతది. ఆపుకోలేకపోతాన్నా అత్తా."

కరుణమ్మ చెయ్యి ఎత్తింది. కొడుతుందనే అనుకున్నాను. ఆ చెయ్యి కోడలి కంటి కిందికి పోయి రెప్ప కిందికి లాగింది. లోపల ఎర్రగా ఉండాల్సిన చోట పాలిపోయి, కాగితం తెలుపు. ఇన్ని నెలలుగా ఎదురుగా నిలబెట్టి గుడ్డు తినిపించిన ముఖం అది. రంగు తేలిందని వీధంతా చూపించిన ముఖం.

"లక్ష్మీ, ఆటో" అంది.

నా చేతుల్లో కోసిన కోడి ఉంది. వీధిలో పోయే పిల్లాణ్ని కేకేసి ఆటో కోసం పంపి, అది వచ్చేలోగా ఆ వేడినీళ్లలో సూది ముంచి నేనే కుట్టేశాను. జాకెట్లు కుట్టే చేతులతో కోడి మెడ కుట్టడం అదే మొదలు. ఎట్లా కుట్టానో నాకు తెలియదు, కుట్టు మాత్రం నిలిచింది. గంప కింద మూసి ఆటో ఎక్కాను.

పెద్దాసుపత్రిలో రూబీ వేలికి గుచ్చి రక్తం తీశారు. లేడీ డాక్టరు కాగితం చూసి రూబీని చూసింది, మళ్లీ కాగితం చూసింది. పన్నెండు దాకా ఉండాల్సిన రక్తం ఐదు కూడా లేదంది. మెట్లెక్కి వచ్చిందా ఈ పిల్ల అని నర్సును అడిగింది. పరీక్షలకు ఎందుకు రాలేదంటే, రూబీ తల దించుకుంది. రమ్మన్నప్పుడల్లా అమ్మగారింటికి గిద్దలూరు పోతున్నానని ఆశా కార్యకర్తకు చెప్పి తప్పించుకుందట. నోరు తెరవమంటారని భయం.

"రోజూ గుడ్డు పెట్టినానమ్మా. మాత్ర నా కళ్లెదురుగా మింగింది" అంది కరుణమ్మ. కోర్టులో సాక్ష్యం చెబుతున్నట్టు నిలబడి ఉంది.

"మింగింది. మీద ఈ సుద్ద తింటుంటే మాత్ర ఒంటికి పట్టదు. రక్తం తగ్గిన కొద్దీ ఇంకా తినాలనిపిస్తుంది. తిట్టొద్దు ఆమెను, అది జబ్బు" అని డాక్టరు రూబీ కడుపు మీద మిషను పెట్టింది. పెట్టి, జరిపి, మళ్లీ జరిపింది.  ఎక్కడో దూరంగా టకటకమని వినిపించింది. గుండె కొట్టుకుంటోందట, కాకపోతే నీరసంగా ఉందట.

"కదలిక ఎట్లా ఉంది?"

"నిన్నటాల్నుంచి కదల్లేదు" అంది రూబీ.

నిన్నటి నుంచి! ఆ మాట కూడా ఆ పిల్ల కడుపులోనే దాచుకుంది. నాకు కోపం, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. రక్తం ఎక్కించి చూద్దాం, కదలిక వస్తుందేమో కనిపెడుతూ ఉండండి, రాకపోతే ఒంగోలు పంపాలి అంది డాక్టరు.

రక్తం కావాలంటే కరుణమ్మ రవిక చెయ్యి పైకి లాక్కుని ముందు నిలబడింది. ఆమె వేలికీ గుచ్చి చూశారు. పరీక్ష చేసినతను తల అడ్డంగా ఊపాడు. "నీకే లేదు పెద్దమ్మా. నీకూ ఎక్కించాల్సిందే ఇట్లా ఉంటే. బలపం తింటావా నువ్వు కూడా?" అన్నాడు.  ఆమె బెంచీ మీద కూలబడి తన అరచేతులు చూసుకుంది. నా రక్తం తీసుకున్నారు.

తిమోతి కర్ణాటకలో ఎక్కడో ఉన్నాడు, బయల్దేరానని ఫోను చేశాడు. పొద్దునకు రూబీకి రెండో సీసా ఎక్కుతోంది. పెదాలకు కొద్దిగా రంగు వచ్చింది. కరుణమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని కోడలి కడుపు మీద చెయ్యి పెట్టుకుని ఉంది. చాలాసేపటిగా ఆ చెయ్యి తియ్యలేదు. నేను టీ తెస్తే తాగలేదు.

"అత్తా" అంది రూబీ కళ్లు తెరవకుండానే. "పోయినసారి కూడా తిన్నా."

 కరుణమ్మ కదల్లేదు. నిరుడు కోళ్ల గంప ముందు కూర్చున్నప్పుడు ఉన్న ముఖమే మళ్లీ వచ్చింది. ఆ ఐదు నెలల బిడ్డ ఎందుకు పోయిందో ఎవరూ తేల్చి చెప్పలేదు, తర్వాత అడిగితే డాక్టరు కూడా చెప్పలేనంది. కానీ ఆమెకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

"నన్ను చంపెయ్యి అత్తా" అంది రూబీ.

కరుణమ్మ రెండో చేత్తో కోడలి నోరు మూసింది. "తెచ్చింది నేనే" అంది. "దంచింది నేను. డబ్బా నీ చేతికిచ్చి, నేను లేనప్పుడు నీకాడ పెట్టి పోయింది నేను. ఖాళీ అయితే మళ్లీ మళ్లీ మోసుకొచ్చింది నేనే గదే! నిన్నేం చంపేది?"

రూబీ వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడవొద్దు, సూది కదులుతుందని నర్సు వచ్చి కసిరింది. నర్సు పోయాక కరుణమ్మ ఉలిక్కిపడినట్టు నిటారుగా కూర్చుంది. కడుపు మీది చెయ్యిని చూసింది. తీసి, మళ్లీ అదే చోట పెట్టింది.

"లక్ష్మీ, నీ చెయ్యి ఇటియ్యి" అంది. "నా చేతి మీద నాకు నమ్మకం లేదు. నువ్వు చూడు."

నా చెయ్యి లాక్కుని అక్కడ అదిమి పెట్టింది. మొదట ఏమీ తెలియలేదు. తర్వాత లోపలి నుంచి, నా అరచేతి మధ్యలో, మడమతో తన్నినట్టు ఒక పోటు. వెంటనే ఇంకొకటి.

"తన్నింది" అన్నాను.

  కరుణమ్మ కోడలి కాళ్ల దగ్గర దుప్పటిలో ముఖం పెట్టుకుని, వార్డంతా తలతిప్పి చూసేలా గట్టిగా ఏడ్చింది.